గోవ కింది నేల

అశోక్‌నగర్, హైదరాబాద్
28 ఏప్రిల్ 1996

తమ్ముడు మాసయ్యా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, ఎవరి చేతా రాయించలేదు. బస్తీలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు బడి పెట్టారు. టీచరమ్మ మన స్వర్ణ కంటే చిన్నది. "మాట్లాడినట్టు రాయొద్దు కురుమమ్మా, పుస్తకంలో ఉన్నట్టు రాయి" అంటుంది. అట్లాగే రాస్తున్నాను. ఎవరన్నా అన్న మాట మాత్రం వాళ్లు అన్నట్టే రాస్తాను. మార్చి రాస్తే అది వాళ్ల మాట ఎట్లా అవుతుంది? తప్పులుంటే నవ్వుకో, కానీ భూదేవికి చూపించి నవ్వకు. దానికి ఎన్నో నెల ఇప్పుడు? బరువులు మోయనివ్వకు.

మీరు పుణెకు పోయాక ఇక్కడ పెద్దగా మారింది లేదు. నీళ్ల ట్యాంకర్ వస్తే వస్తుంది, లేకపోతే లేదు. లోయర్ ట్యాంక్ బండ్ వైపు కొన్ని గుడిసెలు తీసేశారు, మన వైపు ఇంకా రాలేదు.

స్వర్ణ మళ్లీ పనికి పోతోంది. ఎల్లేష్ పోయాక దాన్ని పుట్టింటికి పంపమని అందరూ అన్నారు. అది పోనంది. "నేను పోతే నీకు గంజి ఎవరు కాస్తరత్తా" అంది. నాకు గంజి కాచుకోవడం రాదా?  కొడుకు పెండ్లాం కదా, ఉండనిచ్చాను. ఇప్పుడు ఇద్దరం ఒకే చోట పని చేస్తున్నాం. ఇల్లు కట్టించేది జగదీశ్వర్ గారని, బషీర్‌బాగ్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం. పాత పెంకుటిల్లు తీసేసి అంతస్తులు కడుతున్నారు. మేస్త్రి ఎంకయ్య, మన పక్క ఊరివాడే. గోడలు లేచాయి, ఇక బయట సిమెంటు పూత, గిలాబు మొదలవుతుంది. నేను కింద ఇసుక, సిమెంటు కలుపుతాను. స్వర్ణ గోడ పక్కన కట్టెలు నాటి కట్టిన గోవ మీద నిలబడి తాపీ పనివాళ్లకు తట్టలు అందిస్తుంది. వద్దన్నాను, వినలేదు.

కాబట్టి గోవ సంగతి నేనే చూసుకుంటున్నాను. మన వాళ్ల పద్ధతి నీకు తెలుసు. గోవ మీది నుంచి పడి చనిపోయిన మనిషి ఇంటి పెద్ద ఎవరన్నా పనిలో ఉంటే, మొదటి కట్టె దగ్గర వాళ్ల చేతనే నేలతల్లికి సాక పోయిస్తారు. వాళ్లు ఊ అనేదాకా మిగతా కట్టెలు నాటరు. ఎంకయ్య చెంబుతో బెల్లం నీళ్లు తెచ్చి నా చేతికిచ్చాడు. నేను పోయలేదు. ముందు గుంత చూశాను. జానెడు తవ్వి ఊరుకున్నారు. "ఇంకా తవ్వుండ్రి" అన్నాను. మోచేయి మునిగేదాకా ప్రతి గుంతా తవ్వించాను. అప్పుడు పోశాను. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. నాకు ఎవరు ఎదురు చెప్తారు?

నారాయణగూడలో ఆ రోజు ఎవరన్నా ఇట్లా తవ్వించి ఉంటే నా కొడుకు ఉండేవాడు. కట్టె దిగిపోయిందంటే గుంత తక్కువ తవ్వారనే కదా. అక్కడ గుంతలు తవ్విన పీరయ్యకు ఒళ్లు వంగదని అందరికీ తెలుసు. వాడు మన బస్తీలోనే, మన వరుసలోనే ఉంటున్నాడు. వాడి పెండ్లాం లక్ష్మి ఎదురుపడితే నేను పక్కకు తిరుగుతాను.

జూన్‌లో మిరుగు వానలకు ఎల్లేష్‌కు ఏడాది నిండుతుంది. నువ్వు రావాలి. మేనమామ లేకుండా ఏం చేస్తాం?

నీ అక్క
కురుమమ్మ


పుణె
9 మే 1996

అక్కా,

పోస్టుమ్యాన్ ఉత్తరం ఇచ్చినప్పుడు పొరపాటున మా ఇంటికి తెచ్చాడనుకున్నాను. కింద నీ పేరు చూసి భూదేవిని పిలిచాను. దానికి చదువు రాదు కదా, కాగితాన్ని చేత్తో తడిమి చూసింది. "ఒదినె కలం పట్టిందంటే ఇగ మనం మాట్లాడుడు బందే" అంది. నేను నవ్వలేదు. అదే నవ్వింది. దానికి నెలలు నిండుతున్నాయి. ఇక్కడి ఆసుపత్రిలో పేరు రాయించాను.

మేము ఉండే చోట తెలుగు మాట్లాడేవాళ్లు మూడు ఇళ్లవాళ్లే. జొన్నరొట్టె దొరుకుతుంది కాబట్టి బతుకుతున్నాం. నేను పని చేసేది నది ఒడ్డున. నేలంతా నల్లమట్టి, దాని మీద ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పోసిన మట్టి. వచ్చిన మొదటి రోజు గోవకు గుంతలు తవ్వుదామని గడ్డపార అడిగితే ఇక్కడి మేస్త్రి నవ్వాడు. "బావి తవ్వుతావా, గోవ కడతావా" అన్నాడు. ఇక్కడ కట్టెలు నాటరక్కా. నేల చదును చేసి, దిమ్మిస కొట్టి, మందపాటి పలకలు పరిచి, వాటి మీద నిలబెడతారు. మరీ మెత్తని చోటైతే రెండు మూడు కట్టెలకు కలిపి ఒకటే పొడుగు పలక. పల్లం ఉంటే రాళ్లు పేర్చరు, నేలనే మెట్లుగా చెక్కుతారు. మొదట్లో పైకెక్కితే గోడ పట్టుకుని నిలబడేవాణ్ని. ఇప్పుడు అలవాటైంది. ఊరికే రాస్తున్నాను, నీకు పని సంగతులు ఇష్టమని.

పీరయ్య మీద కోపం పెట్టుకోకు. వాడిది తప్పు లేదు. ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడుకుందాం.

భూదేవిని ఈ స్థితిలో వదిలి జూన్‌లో రావడం నా వల్ల కాదు. ఏడాది పని నా పేరు మీద కూడా నువ్వే జరిపించు. కోపం తెచ్చుకోవని అనుకుంటున్నాను.

మాసయ్య


అశోక్‌నగర్
20 మే 1996

మాసయ్యా,

నీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పూట పట్టింది. స్వర్ణ "ఇటియ్యి అత్తా, నేను సదువుత" అంది. ఇవ్వలేదు.

పీరయ్యది తప్పు లేదని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నావు. నువ్వు ఆ రోజు అక్కడే పనిలో ఉన్నావు. నేను లేను, చిక్కడపల్లి కూలీల అడ్డా మీది నుంచి వేరే పనికి పోయాను. అక్కడే ఉన్నవాడివి ఇట్లా రాస్తే నేనేమనుకోవాలి? పీరయ్య నువ్వు కూర్చుని కల్లు తాగిన మనిషి. ఎల్లేష్ నీ అక్క కొడుకు. నీకు ఎవరు దగ్గర?

ఇంకో సంగతి. అక్కడివాళ్లు గుంతలే తవ్వరని మెచ్చుకుంటూ రాశావు. అంటే మన నాన్నకు పని రాదనా? నాన్న నాటిన కట్టె పీకాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఎల్లేష్‌కు పని రాదని అంటున్నావా? వాడిని ఇప్పుడు ఎవరేమన్నా చెల్లుతుంది, తిరిగి మాట్లాడడు కదా. బిడ్డ పుట్టే సమయమని రాలేనన్నావు, సరే. దాని మీద నాకు కోపం లేదు. మిగతా వాటి మీద ఉంది.

మొన్న నల్లా దగ్గర లక్ష్మి నా వెనకే నిలబడింది.

"అక్కా, నీ బిందె నిండింది" అంది.

"నాకు కండ్లున్నయి" అన్నాను.

"కండ్లుంటే తియ్యి మరి. నా మీది కోపం నీళ్ల మీద ఎందుకు?"

"నీ మొగడు గుంత తవ్వెటప్పుడు గిట్లనే ముచ్చట్లు పెట్టిండేమో."

అది ఖాళీ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను నిండిన బిందె ఎత్తుకున్నాను. ఇంటికొచ్చి వంట చేశాను.

పని బాగానే సాగుతోంది. దమయంతమ్మ, అంటే ఇంటావిడ, మధ్యాహ్నం అందరికీ చాయ్ ఇస్తుంది. వెనక గోడకు కూడా గోవ లేచింది. అక్కడ నేల మురుగు నాలా వైపు వాలుగా ఉంది. తవ్వుతుంటే పెంకులు, ఇటుక ముక్కలు, గుడ్డ పేలికలు వచ్చాయి. మెత్తగా ఉండడం వల్ల తవ్వడం తేలికైంది, ఇంకా లోతుగా తీయించాను. చివరన పల్లంలో కట్టె ఎత్తు సరిపోకపోతే గుంత అడుగున రాళ్లు పేర్చి నిలబెట్టారు. స్వర్ణ ఎక్కి అటూ ఇటూ ఊగి చూసింది. "ఎట్లున్నదే" అంటే "మంచం మీద పండుకున్నట్టున్నదత్తా" అంది.

నీ పలకలు నువ్వు పరుచుకో. ఇక్కడ నేను చూసుకుంటాను.

కురుమమ్మ


పుణె
29 మే 1996

అక్కా,

నేను పీరయ్య వైపు మాట్లాడలేదు. నాన్నకు పని రాదనలేదు. ఎల్లేష్‌ను ఒక్క మాట అనలేదు. వాణ్ని ఆ రోజు ఆసుపత్రి దాకా చేతుల మీద మోసింది నేను. నీకు ఎవరు దగ్గర అని నన్ను అడిగావు. ఆ మాటకు జవాబు రాసి, నాలుగు పేజీలైంది, చింపేశాను. భూదేవి "ఒదినె బాధల అన్నది, నువ్వు ఊకో" అంది. ఊరుకున్నాను. కానీ నాకూ కోపం వచ్చిందని నీకు తెలియాలి.

ఇప్పుడు అది పక్కన పెడుతున్నాను. వెనక గోడ దగ్గర పెంకులు, పేలికలు వచ్చాయన్నావు. అది పోసిన మట్టి అక్కా, పుట్టు నేల కాదు. గడ్డపార తీసుకుని, బలం పెట్టకుండా, నిలువుగా వదిలి చూడు. తన బరువుకే దిగిపోతే అక్కడ గుంతలు పనికిరావు. కట్టెలు తీసి, గుంతలు రాళ్లూ, గులక కలిసిన మొరంతో నింపి గట్టిగా కొట్టించాలి. పైన పలకలు పరవాలి. వాలు ఉన్నచోట మెట్లు చెక్కాలి, కింద పేర్చిన రాళ్లు ఏ రోజైనా పక్కకు జరుగుతాయి. నీళ్లు గోవ కిందికి రాకుండా చిన్న కాలువ తీయాలి. వాన పడిన తెల్లారి ఎవరినీ ఎక్కనివ్వకముందు ప్రతి కట్టె కాలు చూడాలి. కిటికీలలోంచి గోవను గోడకు కట్టారా?

ఎంకయ్యకు ఇది చదివి వినిపించు. అక్కడ చిక్కడపల్లిలో ఎస్‌టీడీ బూత్ ఫణీంద్ర నంబరు నా దగ్గర ఉంది. వచ్చే మంగళవారం సాయంత్రం చేస్తాను. రా.

తమ్ముడు


అశోక్‌నగర్
5 జూన్ 1996

మాసయ్యా,

నిన్న ఫణీంద్ర మనిషిని పంపాడు, ఫోన్ వచ్చిందని. నేను రాలేదు. ఇంకోసారి చేసినా రాను.

నీ పాఠం ఎంకయ్యకు చదివి వినిపించలేదు. ఏమని వినిపించాలి? నేను తవ్వించిన గుంతలు తప్పని నా తమ్ముడు పుణె నుంచి రాశాడనా? అందరూ నా ముఖం చూసి తవ్విన గుంతలు అవి.

పీరయ్య తప్పు లేదన్నావు. లోతు గుంతలు వద్దంటున్నావు. నీ రెండు మాటలూ ఒకటేనని నాకు అర్థమైంది. వాడు తక్కువ తవ్వినా తప్పు కాదని చెప్పడానికే ఇన్ని పలకలూ, కాలువలూ రాస్తున్నావు. తోటివాణ్ని కాపాడుకో. నేనేమీ అనను.

ఇక్కడ మొదటి వాన పడింది. గుంతల్లో నీళ్లు నిలిచాయి. మట్టి సర్దుకుంటే కట్టెను ఇంకా గట్టిగా పట్టుకుంటుందని ఎంకయ్య అన్నాడు. వెనక గోడ గిలాబు ఎల్లుండి మొదలు. స్వర్ణ పై వరుసలో ఉంటుంది.

కురుమమ్మ


పుణె
10 జూన్ 1996

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఫణీంద్రకు మళ్లీ ఫోన్ చేసి, గోవ మీదికి స్వర్ణను ఎక్కనివ్వొద్దని నీకు చెప్పమన్నాను. చెప్తానన్నాడు. నువ్వు వింటావని నాకు నమ్మకం లేదు. భూదేవికి నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయి, లేకపోతే నేనే రైలెక్కేవాణ్ని. అందుకని ఎదురుగా చెప్పాల్సింది రాస్తున్నాను.

నారాయణగూడలో దిగిపోయిన కట్టె గుంతను పీరయ్య తవ్వలేదు. ఎల్లేష్ తవ్వాడు.

అది తక్కువ లోతు కాదు. నేను పక్కనే ఇసుక జల్లిస్తూ చూశాను. వాడు బోర్లా పడుకుని చేయి లోపలికి పెట్టి మట్టి తీశాడు. అంచులు నిలువుగా, అడుగు చదునుగా ఉంది. నాన్న తవ్వినా అంత బాగా వచ్చేది కాదు. ఆ ఇంటివాళ్లు అక్కడ పాత బావి పూడ్చారు. మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండు రోజులు వాన పడింది. గుంతలో నీళ్లు నిలిచి, కింది మట్టి బురదైంది. కట్టె మొన సన్నగా ఉంటుంది కదా, పైన మనుషులు, తట్టలు. అది దిగింది. దానితో గోవ ఆ పక్కకు ఒరిగింది.

మన ఊరి మొరం నేలలో గుంత ఎంత లోతైతే కట్టె అంత గట్టి. నాన్నకు తెలిసింది ఆ నేల. ఆయన తప్పు చెప్పలేదు. పోసిన మట్టిలో మాత్రం లోతుగా తవ్వడమంటే నీళ్లు నిలవడానికి మనమే చోటివ్వడం. బరువు వెడల్పు మీద పడాలి, మొన మీద కాదు. ఇది నాకు అప్పుడు తెలియదు. ఇక్కడికొచ్చి పలకల మీద నిలబడ్డాక తెలిసింది. తెలిసిన రోజు నేను అన్నం తినలేదు.

ఎల్లేష్ పని సరిగ్గా చేయలేదని కాదక్కా. బాగా చేశాడు. నువ్వు నా మీద ఎంత కోపమైనా పెట్టుకో, ముందు స్వర్ణను దింపు.

మాసయ్య


అశోక్‌నగర్
25 జూన్ 1996

తమ్ముడు మాసయ్యా,

జవాబు ఆలస్యమైంది. ముందు స్వర్ణ బాగుంది. అది నీకు మొదట చెప్పాలి.

నీ ఉత్తరం నేను పనిలో ఉండగా వచ్చింది. పోస్టుమ్యాన్ బస్తీలో ఇవ్వబోతే ఎవరో పని దగ్గరికి పంపారు. చాయ్ అయ్యాక, ఇసుక కుప్ప మీద కూర్చుని విప్పాను. స్వర్ణ వెనక గోడ పై వరుసలో ఉంది, తట్టలు అందిస్తోంది. ఫణీంద్ర ముందే నీ మాట చెప్పాడు, నేను విననట్టు వచ్చేశాను. నాకు చదవడం ఎంత నెమ్మదో నీకు తెలుసు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోవాలి. ఎల్లేష్ తవ్వాడు అన్నచోట ఆగాను. సరిగా చదవలేదనుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. అదే వచ్చింది. మబ్బు పట్టి ఉంది. మిగతాది చదువుతూ ఉంటే పైనుంచి తట్టల చప్పుడు వినిపిస్తూనే ఉంది. కట్టె మొన దిగింది అన్న దాకా వచ్చి లేచాను.

"స్వర్ణా, దిగు" అన్నాను.

"జర ఆగత్తా, ఈ తట్ట ఇచ్చి వస్త."

"తట్ట ఆడనే పెట్టి దిగు. అందరు దిగుండ్రి."

"సిమెంటు మాలు గట్టిపడతది" అని పైనుంచి తాపీ పనివాళ్లు అరిచారు.

"గట్టిపడనియ్యి" అన్నాను.

అందరూ దిగారు. స్వర్ణ చివర దిగింది. ఎంకయ్య ముందు వైపు నుంచి వచ్చాడు. నేను గడ్డపార తీసుకుని, నువ్వు రాసినట్టే, బలం పెట్టకుండా చివరి కట్టె పక్కన వదిలాను. నేను పట్టుకున్న చోటు దాకా దిగి ఆగింది. ఎంకయ్య చూశాడు. నేను చూశాను.

"గోవ ఇప్పాలె" అన్నాను.

"ఏందక్కా ఇది. నువ్వే తవ్వుమంటివి, నువ్వే పూడ్చుమంటవా? నన్ను పరేషాన్ చేస్తున్నవు."

"అవు. నేనే తవ్వుమన్న. ఇప్పుడు నేనే అంటున్న."

"సాక పోసి నిలబెట్టింది. నడుమల ఇప్పొద్దు."

"పోసింది ఎవరు?"

 అంతలో దమయంతమ్మ గోల విని బయటికొచ్చింది. గడ్డపారను చూసి, "అయ్యో, ఆడ మా అత్తగారు బర్రెలు కట్టేస్తుండె. పెద్ద పేడగుంత ఉండె. తర్వాత మట్టి పోయించిన్రు. ఎవరన్న అడిగితే చెప్తుంటి కదా" అంది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆమె ఇచ్చిన చాయ్ రోజూ తాగాను.

ఎంకయ్య ఒప్పుకున్నాడు. కానీ గోవ కట్టే మనుషులు విత్తనాలకని ఊరికి పోయారు. మిగిలినవాళ్లకు కట్టడం రాదు. "ఈ బస్తీల గోవ పని తెల్సినోడు పీరయ్య ఒక్కడే. నేను పిలిస్తే వస్తడు గని, నువ్వు ఉన్నవని రాడు. నువ్వే పిలువు" అన్నాడు.

పోయాను. సాయంత్రం అయింది. లక్ష్మి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"బిందె నిండిందని చెప్పనీకి వచ్చినవా అక్కా" అంది.

"నీ మొగన్ని పిలువు."

పీరయ్య తువ్వాల భుజాన వేసుకుని బయటికొచ్చాడు. నేను ఉత్తరం చూపించాను. వాడికి చదవడం రాదు. అందుకని నేను చదివి వినిపించాను, ఎల్లేష్ తవ్వాడు అన్నదాకా. అక్కడి దాకా చాలు అన్నాడు.

"నీకు ఎరికేనా?" అని అడిగాను.

"నా పక్కపొంటి తవ్విండు, ఎరికుండదా."

"మరి ఏడాది సంది నేను నిన్ను అన్ని మాటలంటుంటే నోరెందుకు తెర్వలె?"

"ఏమని తెర్వాలె అక్కా? సచ్చిపోయిన పోరడు తవ్వుకున్నడని తల్లికి చెప్పాల్నా? నన్ను అంటే నాకు పోయేదేముంది. నాకు నోరున్నది, తిరిగి అంటలేనంతే."

"నా నీళ్లు పోయినయి" అని లక్ష్మి గడపలో నుంచే అంది. "నల్లా కాడ ఎన్నిసార్లు ఖాళీ బిందెతోని వచ్చిన్నో ఈయనకేం ఎరుక."

 "రేపు పొద్దున రా" అని పీరయ్యతో అన్నాను. వచ్చాడు.

గోవ మొత్తం విప్పారు. కట్టెలు ఒక్కొక్కటే పీకారు. చివరిది రాలేదు. పీరయ్య, ఎంకయ్య ఇద్దరూ పట్టి ఊపితే వచ్చింది. మట్టి తడి ఎక్కడిదాకా అంటిందో చూస్తే, మేము నాటిన లోతు కంటే కట్టె జానెడు కిందికి పోయి ఉంది. అడుగున పేర్చిన రాళ్లు పక్కకు జరిగి ఉన్నాయి. అది దిగుతోంది మాసయ్యా. పైన ఎవరికీ తెలియకుండా కొంచెం కొంచెం దిగుతోంది. స్వర్ణ ఆ కొసనే నిలబడేది, గాలి వస్తుందని.

గుంతల్లో నీళ్లు తోడి, రాళ్లు, మొరం వేసి దిమ్మిసతో కొట్టాం. నేనూ కొట్టాను. వాలుగా ఉన్నచోట పీరయ్య మెట్లు చెక్కాడు. పలకలకు ఏం చేయాలో తెలియలేదు. దమయంతమ్మ పాత ఇంటి తలుపులు షెడ్డులో పెట్టుకుంది, టేకువి. వాటిని అడిగితే మొదట ముఖం చిన్నబుచ్చుకుంది. "మా పెళ్లినాటి తలుపులు కురుమమ్మా" అంది. తర్వాత జగదీశ్వర్ గారితో మాట్లాడి ఇచ్చింది. వాటిని పరిచి, కదలకుండా పక్కన మేకులు దింపి, వాటి మీద కట్టెలు నిలబెట్టారు. ప్రతి అంతస్తులో కిటికీల గుండా గోడకు కట్టారు. కాలువ తీశారు. ఎంకయ్య మళ్లీ చెంబు తెచ్చాడు. పీరయ్య చేతికివ్వమన్నాను. వాడు వద్దన్నాడు. చెంబు కాసేపు మా మధ్య నేల మీద ఉంది. చివరికి ఎంకయ్యే పోశాడు.

ఆ తర్వాత పెద్ద వాన పట్టింది. చిక్కడపల్లి రోడ్డు మీద మోకాళ్ల లోతు నీళ్లు. తెల్లారి అందరికంటే ముందు నేను పోయి ప్రతి కట్టె కాలు చూశాను. తలుపుల మీద బురద చిమ్మి ఉంది. కట్టెలు నిలబెట్టిన చోటే ఉన్నాయి. అప్పుడు స్వర్ణను ఎక్కనిచ్చాను.

స్వర్ణకు ఉత్తరం చూపించాను. అది చదివి మడిచి ఇచ్చింది. "పీరన్న నాకు అప్పుడే చెప్పిండత్తా, నీ కొడుకే తవ్విండని" అంది. నాకెందుకు చెప్పలేదన్నాను. "నువ్వు కోపంతోనే పొద్దుగాల లేస్తుంటివి. కోపం పోతే పండుకున్నకాడ్నే ఉంటవని భయమైంది" అంది. ఇంట్లో ఇద్దరమే ఉంటాం. అయినా ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఏడాది జరిపించాం. లక్ష్మి వచ్చి వండింది. అన్నం మెత్తనైంది, అయినా అందరూ తిన్నారు. నీ పేరు మీద కూడా పెట్టాను. భూదేవి సంగతి నువ్వు రాయలేదు. ఆడపిల్లో మగపిల్లాడో వెంటనే రాయి.

నాకు పొద్దున లేవడం ఆగలేదు. స్వర్ణ భయపడినట్టు కాలేదు. లేస్తున్నాను, పనికి పోతున్నాను. కానీ ఇదివరకు నల్లా దగ్గరకు పోయేటప్పుడు పీరయ్యను ఏమనాలో అనుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు ఆ దారిలో ఏమీ ఉండదు. ఊరికే నడుస్తాను.

ఎల్లేష్‌కు గుంత తవ్వడం నేర్పింది మొదట నాన్న. నాన్న పోయాక నేను. వాడు ఆ గుంత బాగా తవ్వాడని రాశావు. ఏడాదిలో వాడు ఎట్లా పోయాడో అందరూ చెప్పారు. ఆ రోజు వాడు పని ఎట్లా చేశాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వు పక్కనే ఉన్నావు. నీకు గుర్తున్నంతవరకు రాయి. గడ్డపార తీసుకెళ్లాడా, పార ఒక్కటేనా. తీసిన మట్టి దగ్గరగా పోశాడా, దూరంగా పోశాడా. తవ్వుతూ మాట్లాడాడా, మాట్లాడకుండా తవ్వాడా. చేయి లోపలికి పెట్టి లోతు చూసుకున్నాక ఏమన్నాడు. పెద్దగా రాయి, నేను నెమ్మదిగా చదువుకుంటాను. పని సంగతే అడుగుతున్నాను, ఇంకేమీ కాదు.

అక్క